అటక దిగిన పాటలు

పోయిన నెల ఈ కాలమ్‌లో ఒక మాట అడిగా. రిలీజైనప్పుడు ఎవరూ పట్టించుకోకుండా అటకెక్కి, ఏళ్ల తర్వాత జనానికి దొరికిన పాటలు, సినిమాలు, షోల గురించి మీకేమైనా డౌట్లుంటే రాయమని. ఉత్తరాలు, వాట్సాప్‌లు కలిపి బాగానే వచ్చాయి, సగం మంది ఖలేజా గురించే అడిగారు, అది ముందే ఊహించా లెండి. కొన్ని ఏరి రాస్తున్నా.

ప్రశ్న: మా అబ్బాయి ఏదో టెక్నో మ్యూజిక్ పెట్టుకుని వింటుంటే వంటింట్లోంచి విని "ఇది హిందోళం కదరా" అన్నా. నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నా లెండి. వాడేమో "అమ్మా, ఇది 1982లో బొంబాయిలో ఒకాయన చేసింది, యాసిడ్ హౌస్ అనే మ్యూజిక్‌ని అమెరికా వాళ్లకంటే ముందే మనోడు కనిపెట్టాడు" అంటున్నాడు. నిజమేనా, నన్ను ఆటపట్టిస్తున్నాడా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు మీ చెవికి ఒక దండం. అది హిందుస్తానీలో మాల్‌కౌన్స్, మన హిందోళమే. మీ వాడు చెప్పింది కూడా ముప్పావు వంతు నిజం.

ఆయన పేరు చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటార్, కీబోర్డులు వాయించేవాడు, శంకర్ జైకిషన్, ఆర్.డి.బర్మన్ లాంటి వాళ్ల దగ్గర పనిచేశాడు, మనం వందసార్లు విన్న పాటల్లో ఆయన చెయ్యి ఉంటుంది గానీ పేరు మాత్రం ఎవరికీ తెలీదు. 1982 అంటే డిస్కో డాన్సర్ వచ్చిన ఏడాది, ఎక్కడ చూసినా డిస్కో మోతే. ఈయనకో ఆలోచన వచ్చింది, తబలా తీసేసి కింద డిస్కో బీట్ పెట్టి పైన రాగం వాయిస్తే ఎలా ఉంటుందని. పది రాగాలు అలా చేశాడు. పేరు కూడా అదే, 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. హెచ్ఎంవీ వాళ్లే వేశారు, కానీ కొన్నవాళ్లు లేరు. డిస్కో కావాల్సినవాళ్లకి పాట లేదు, రాగం కావాల్సినవాళ్లకి ఆ టకటక నచ్చలేదు.

ఇందులో నాకు బాగా ఇష్టమైన ముక్క ఆయన వాడిన మెషిన్ కథ. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1981లో టీబీ-303 అని ఒకటి తెచ్చింది. వెండి రంగు ప్లాస్టిక్ డబ్బా, ఒళ్లో పెట్టుకునేంత సైజు, కింద బొమ్మ హార్మోనియంలా ఒక వరస బటన్లు, పైన ఆరు చిన్న నాబ్‌లు. ఇంట్లో ఒంటరిగా గిటార్ ప్రాక్టీస్ చేసుకునేవాడికి పక్కన బేస్ గిటార్ వాయించే మనిషి బదులు ఇది ఉంటుందని వాళ్ల ప్లాన్. తీరా చూస్తే అది బేస్ గిటార్‌లా పలకదు, దోమకి జలుబు చేసినట్టు కుయ్యిమంటుంది, పైగా అందులో స్వరాలు ఎక్కించడం ఒక పెద్ద తలనొప్పి. 1984కల్లా తయారీ ఆపేశారు. మిగిలినవి సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడుంటే చికాగో కుర్రాళ్లు కొనుక్కుని, ఆ నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ పోయారు, 1987లో 'యాసిడ్ ట్రాక్స్' అని ఒక రికార్డ్ వచ్చింది, అక్కణ్ణించే ఆ కుయ్యికుయ్యి డ్యాన్స్ మ్యూజిక్‌కి యాసిడ్ హౌస్ అనే పేరు పాకింది. అంటే ముందు ఫ్లాపైంది ఆ డబ్బానే, దానిక్కూడా జనం లేటుగానే దొరికారు. ఇప్పుడు దాని రేటు వింటే ఆ చవక రోజుల్లో నాలుగు కొని దాచుకోవాల్సిందనిపిస్తుంది.

మీరు వీణ వాయించారు కాబట్టి ఇంకో సంగతి. ఆ డబ్బాలో ఏ స్వరానికైనా 'స్లైడ్' అని పెడితే తెగకుండా పక్క స్వరంలోకి జారుతుంది. మీరు తీగ మీద వేసే జారు గుర్తొచ్చిందా? గమకం అనేంత సీన్ లేదు గానీ మామూలు కీబోర్డు మెట్లు మెట్లుగా పలికినట్టు మాత్రం పలకదు. కింద బేస్ ఈ డబ్బాతో, బీట్ ఇంకో డబ్బాతో నడిపిస్తూ పైన జూపిటర్-8 అనే సింథసైజర్ మీద రాగం వాయించాడాయన. మిగతా రాగాల్లో భూపాలి అంటే మన మోహనం, యమన్ అంటే కల్యాణి, బైరాగి అంటే రేవతి. తోడి అని ఉంటే మాత్రం మన తోడి అనుకునేరు, అది శుభపంతువరాళి, నేను మొదటిసారి అక్కడే పప్పులో కాలేశా.

ఇక 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల పిచ్చోడికి ఢిల్లీలో ఈ ఎల్పీ దొరికింది. విని మతిపోయి, బొంబాయిలో ఆయన్ని వెతికి పట్టుకుని, 2010లో మళ్లీ రిలీజ్ చేశాడు. యూరప్‌లో చాలామంది నమ్మలేదు, ఎవడో ఇప్పుడు చేసి పాత అట్ట తగిలించాడనుకున్నారు. నమ్మాక పిలిచి స్టేజీ ఎక్కించారు, డెబ్బై దాటాక ఆయన యూరప్ కుర్రాళ్లకి డ్యాన్స్ కచేరీలు చేశాడు. 2015 జూలైలో ముంబైలో పోయాడు.

మరి కనిపెట్టాడా అంటే, చికాగో వాళ్లు ఈయన్ని వినలేదు, ఈయనకి వాళ్లెవరో తెలీదు. ఒకే డబ్బా రెండు ఊళ్లలో రెండు చేతుల్లో పడింది, ఈయన చేతిలో ముందు పడింది. నా మటుకు నాకు అదే ఎక్కువ మజాగా ఉంది, "మనోడే కనిపెట్టాడు" అనే వాట్సాప్ గొప్పలకంటే. ఇది నచ్చితే రూపా బిశ్వాస్ 'డిస్కో జాజ్' కూడా వినమనండి మీవాణ్ణి. బెంగాలీ అమ్మాయి, కెనడాలోని క్యాల్గరీలో రికార్డ్ చేసింది, సరోద్ ఆశిష్ ఖాన్. అది కూడా 1982లోనే వచ్చి చప్పుడు లేకుండా పోయి, యూట్యూబ్ పుణ్యాన లేచి, 2019లో అమెరికాలో మళ్లీ ఎల్పీగా వచ్చింది.

ప్రశ్న: ఖలేజా, ఆరెంజ్ రీ-రిలీజుల్లో సీట్లెక్కి డ్యాన్సులేసే ఈ జనమంతా 2010లో ఎక్కడికి పోయారు సార్? అప్పుడు మా ఊళ్లో రెండోవారం థియేటర్ ఖాళీ, నేనే సాక్షి. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలామంది అప్పుడు నాలుగో క్లాసులోనో ఐదో క్లాసులోనో ఉన్నారండీ, టికెట్ కొనే వయసు కాదు. వాళ్లు ఆ సినిమాలు చూసింది ఇంట్లో, టీవీలో, మధ్యాహ్నం అన్నం ప్లేటు ముందేసుకుని.

ఖలేజా 2010 అక్టోబర్ 7, ఆరెంజ్ నవంబర్ 26. సరిగ్గా యాభై రోజుల తేడాలో రెండూ పడ్డాయి. ఖలేజాకి ముందు మహేష్‌బాబు సినిమా అతిథి, 2007ది, మూడేళ్లు గ్యాప్, 'అతడు' సినిమా తీసిన త్రివిక్రమ్‌తో మళ్లీ చేస్తున్నాడు, జనం ఇంకో 'అతడు' కోసం వెళ్లి కూర్చున్నారు, అక్కడేమో టాక్సీ డ్రైవర్‌ని దేవుడంటున్నారు, ఆయనేమో నాన్‌స్టాప్‌గా మాట్లాడుతున్నాడు. వంద రూపాయలు పెట్టి కొన్న మనిషి "నేననుకున్నది ఇది కాదు" అని లేచిపోతాడు. అదే టీవీలో అయితే అనుకోవడానికేం ఉంది, ఛానల్ మారుస్తూ ఒక సీన్ దగ్గర ఆగుతాడు, నవ్వుతాడు, పోయినసారి మిస్సయిన డైలాగ్ ఈసారి పడుతుంది. ఆ డైలాగులు మొదటిసారికి అందేవి కావు, స్పీడ్ ఎక్కువ. పదిసార్లు చూసినవాడికే రుచి. ఆరెంజ్ సంగతి వేరు, అక్కడ హారిస్ జయరాజ్ పాటలు మొదట్నించీ బతికే ఉన్నాయి, సినిమానే మోసుకొచ్చాయి. 2023 మార్చిలో ఆరెంజ్, 2025 మే 30న ఖలేజా మళ్లీ థియేటర్లకొచ్చాయి, మిగతాది మీరు చూసిందే.

టీవీ రిపీట్ అనేది చిన్న విషయం కాదండీ. హిందీ సూర్యవంశం 1999లో థియేటర్లలో పెద్దగా ఆడలేదు, తీసింది మన ఈవీవీ సత్యనారాయణ, హీరోయిన్ మన సౌందర్య. అదే ఏడాది పుట్టిన ఒక సినిమా ఛానల్ దాన్ని వేసి వేసి దేశం మొత్తానికి కంఠతా వచ్చేలా చేసింది, విషం కలిపిన పాయసం సీన్ మీద మీమ్ రాని వారం లేదు. అమెరికాలో అయితే 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అని 1946 సినిమా, నష్టాలొచ్చాయి, 1974లో దాని కాపీరైట్ రెన్యూ చేయించడం మర్చిపోయారు, ఫ్రీగా వస్తోంది కదా అని ఊరూరి టీవీ స్టేషన్లు ప్రతి క్రిస్మస్‌కీ వేసేశాయి, ఇప్పుడది వాళ్లకి పండగ సినిమా. ఒకాఫీసులో ఒక ఫైలు మర్చిపోతే ఒక సినిమా బతికింది.

ప్రశ్న: మా పిల్లలు యూట్యూబ్‌లో అమృతం సీరియల్ చూసి పడీపడీ నవ్వుతున్నారు. ఇది కూడా అలా లేటుగా హిట్టయిందేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: లేదండీ, అది 2001లో జెమినీలో మొదలైనప్పుడే హిట్టు, 2007 దాకా ఆడింది. ఆదివారం రాత్రి మీరే టీవీ ముందు కూర్చుని ఉంటారు, గుర్తు చేసుకోండి.

ప్రశ్న: మాది ఫార్మింగ్టన్ హిల్స్, డెట్రాయిట్ పక్కనే. ఇక్కడ రోడ్రిగ్జ్ అని ఒక సింగర్ కథ చెప్తుంటారు. అన్నేళ్ల తర్వాత పేరొస్తే డబ్బులు కూడా వస్తాయా? – ఒక ఎన్నారై పాఠకుడు

జవాబు: వస్తాయి, రావాల్సిన వాళ్లకే వస్తాయని గ్యారంటీ లేదు. సిక్స్టో రోడ్రిగ్జ్ 1970లో, 1971లో రెండు ఆల్బమ్‌లు చేశాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. పాత ఇళ్లు కూల్చే పనికి, రిపేర్ల పనికి పోయి బతికాడు. సౌతాఫ్రికాలో ఆ మొదటి ఆల్బమ్ ఇంటింటా ఉంది, ఆయన చచ్చిపోయాడనే పుకారు కూడా ఉంది, ఈయనకి మాత్రం ఏమీ తెలీదు. 1998లో అక్కడికి పోతే హాళ్లు నిండిపోయాయి. 2012లో దీనిమీద డాక్యుమెంటరీ వచ్చింది, ఆస్కార్ కూడా కొట్టింది. ఆ సినిమా దాచిన ఒక సంగతి చెప్తా, 1979లోనూ 1981లోనూ ఆయన ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్లొచ్చాడు, అక్కడ కూడా ఫ్యాన్స్ ఉన్నారు. అది చెప్తే కథలో కిక్ తగ్గుతుందని వదిలేశారేమో, నాకు నచ్చలేదు. రాయల్టీలు ఎటు పోయాయన్నది కోర్టుల దాకా వెళ్లింది. ఆయన 2023 ఆగస్టులో పోయాడు, మీ పక్కనున్న డెట్రాయిట్‌లోనే.

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్లయింది. అటక మీద బిస్కెట్ డబ్బాల్లో అరవై దాకా క్యాసెట్లున్నాయి, బెజవాడ రేడియోలోంచి రికార్డ్ చేసుకున్న కచేరీలు, నాటకాలు. పైన పెన్సిల్ రాతలు చెరిగిపోయాయి. పనికొస్తాయా, పాతసామాన్ల వాడికి వేసేయనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వేసేస్తే మీ ఇంటికొచ్చి గొడవ పెట్టుకుంటా.

స్టేషన్లో ఎలాగూ ఉంటాయిలే అనుకోకండి. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు, ప్రోగ్రామ్ వేసేశాక చెరిపి మళ్లీ వాడేవాళ్లు. అంత పెద్ద బీబీసీనే 'డాక్టర్ హూ' సీరియల్ టేపులు చెరిపేసుకుంది, విదేశాలకి అమ్మిన ఫిల్మ్ కాపీల్లో తొమ్మిది ఎపిసోడ్లు నైజీరియాలో బయటపడ్డాయని 2013లో చెప్పారు, ఇంకా చాలా దొరకనే లేదు. మన దగ్గర చూస్తే కర్ణాటక సంగీత గాయకుడు వోలేటి వెంకటేశ్వర్లు గారు 1989లో పోయారు, విజయవాడ రేడియో స్టేషన్లో పనిచేసిన మనిషి, మార్కెట్లో కొనుక్కునే రికార్డులు తక్కువ, ఇవాళ కుర్రాళ్లు నెట్లో విని ముక్కున వేలేసుకునే ఆయన పాటలో పెద్ద భాగం రేడియోవీ కచేరీలవీ రికార్డింగులు. మీ నాన్నగారి లాంటివాళ్లు దాచినవే కదా చేతులు మారుతూ వచ్చింది.

ముందు ప్లే నొక్కొద్దు. వెలుతురులో పెట్టి క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చూడండి, తెల్లటి పొడి కనిపిస్తే బూజు, దాన్ని పక్కన పెట్టి తెలిసినవాళ్లకివ్వండి, టేప్‌రికార్డర్‌లో వేస్తే మిగతావాటికీ అంటుకుంటుంది. క్యాసెట్ పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. లోపల టేపుని హెడ్‌కి, అంటే టేప్‌రికార్డర్‌లో టేపుని చదివే ముక్కకి, ఆనించే చిన్న మెత్త ఉందో లేదో చూడండి, పాతవాటిల్లో జిగురు ఎండి రాలిపోతుంది, అప్పుడు సౌండ్ బావిలోంచి వచ్చినట్టుంటుంది, వేరే ఖాళీ డొక్కులోకి టేపు మార్చుకుంటే సరి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పి అప్పుడు మొదలెట్టండి. సీ-120 అని ఉన్నవాటితో, అంటే రెండు గంటల క్యాసెట్లతో జాగ్రత్త, టేపు పల్చన, ఊరికే చుట్టుకుపోతుంది. కంప్యూటర్‌లోకి వేవ్ ఫైల్‌గా ఎక్కించుకోండి, ఎంపీ3లు తర్వాత చేసుకోవచ్చు.

ఇంకోటి, మధ్యలో అనౌన్స్‌మెంట్లు కత్తిరించకండి దయచేసి. పాడిందెవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది అందులోనే ఉంటుంది. వెనకాలే వార్తల ముక్క ఏదైనా పడి ఉంటే ఏ ఏడాదో కూడా తెలిసిపోతుంది. చెరిగిపోయిన పెన్సిల్ రాతల సంగతి అలా తేల్చుకోవచ్చు. నెట్లో పెట్టేముందు మాత్రం హక్కుల సంగతి కనుక్కోండి, ఇంట్లో కాపీ చేసి దాచుకోవడం వేరు, ఊరికి పంచడం వేరు.

సినిమా పాటలున్న క్యాసెట్ తగిలినా మధ్యలో ఆపేయకండి. మా ఇంట్లో నాన్న రాత్రి మేలుకుని రికార్డ్ చేసుకున్న కచేరీ ఒకటుండేది, రెండు మూలలూ విరిచి మరీ దాచాడు. మా బాబాయి ఆ కన్నాల్లో కాగితం ఉండలు కూరి దానిమీద సినిమా పాటలు ఎక్కించేశాడు, ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. మొన్నామధ్య అదే క్యాసెట్ ఎక్కిస్తూ సైడ్ బి పాటలు అయిపోయాక ఆపడం మర్చిపోయి టీ పెట్టుకోడానికి లేచా. ఠక్కున ఒక చప్పుడు, ఆ తర్వాత తంబురా. బాబాయికి పాటలు తక్కువపడ్డాయి, చివర నాలుగు నిమిషాలు వదిలేశాడు, మంగళం మొత్తం ఉంది.