పిల్లల మెసేజ్‌లు చదువుతారా?

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. మీ కథల పుస్తకం చదివి నా ఫోన్ నుంచి మీకు వాయిస్ మెసేజ్ పెట్టింది. రోజూ స్కూల్ నుంచి రాగానే "జవాబొచ్చిందా అమ్మా" అని అడుగుతోంది. పిల్లల మెసేజ్‌లు నిజంగా వింటారా? మీకు ఇబ్బంది కాదు కదా? – ఒక అమ్మ, పెరంబూరు

జవాబు: వింటానండీ, అన్నీ వింటాను, ఇబ్బంది అన్న మాటే లేదు. పాపది కూడా అందింది, ఈ వారం జవాబు పెడతానని చెప్పండి. పెద్దవాళ్ళు "కథ బాగుందండీ" అని ఆపేస్తారు, పిల్లలు మాత్రం నేను వదిలేసిన చోటు పట్టుకుంటారు. మీ పాప అడిగింది ఏమిటంటే, వాన పడిన రాత్రి ఆ కుక్కపిల్ల ఎక్కడ పడుకుంది అని. కుక్కపిల్ల ఎక్కడో తడుస్తోందని తనకి దిగులు. నేను రాసినదాన్ని ఒక పిల్ల అంత నిజమని నమ్మిందంటే నాకు అంతకంటే ఏం కావాలి చెప్పండి? ఆ రాత్రి గురించే ఇంకో కథ రాస్తున్నాను.

ఇంకో సంగతి. చెన్నైలో మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బయట తమిళం, చదువు ఎక్కువగా ఇంగ్లీషులో. 2006లో తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చాక బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. తమిళం రావాలి, ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకి అది అవసరం, కానీ తెలుగు అక్షరాలు నేర్పే పని చాలావరకు ఇంటిమీదే పడింది. అందుకే చాలామంది పిల్లలు మాటల్లోనే చెప్తారు. ఒక బాబు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసి పంపాడు. తమిళంలో ప, బ లకు ఒకటే అక్షరం కాబట్టి బడి అన్నాడో పడి అన్నాడో పైకి చదువుకుంటే గానీ తేలలేదు. అంత కష్టపడి రాసిన పిల్లాడికి నేను ఎంత రుణపడి ఉన్నానో!

ప్రశ్న: మా చిన్నప్పుడు చందమామకి కార్డులు రాసి నెలంతా ఎదురుచూసేవాళ్ళం. ఇప్పటి మెసేజ్‌లకి ఆ విలువ ఉందంటారా? – ఒక రిటైర్డ్ టీచరు, టి.నగర్

జవాబు: ఉందండీ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అదే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో 'బాల' పత్రిక మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే. 1947 జులైలో చందమామ వచ్చిందీ ఇక్కడి నుంచే. ఫోటోకి వ్యాఖ్య రాసి పంపే పోటీ మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మీరు పంపిన కార్డు లాంటిదే ఇప్పటి మెసేజ్, మాధ్యమం మారింది అంతే. పైగా చెన్నైలో కూర్చుని తెలుగులో పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళకి పుస్తకం ఎవరి చేతికి చేరిందో తెలిసే దారులు చాలా తక్కువ, సమీక్షలు రావు, అమ్మే షాపులూ తక్కువే. అందుకే ఈ మెసేజ్‌లు రాకపోతే రాయడం ఎప్పుడో మానేసేదాన్నేమో.

ప్రశ్న: మేడమ్, నాకు తెలుగు రాస్తే తప్పులొస్తాయని టెన్షన్. ఇంగ్లీషులో రాయొచ్చా? – తొమ్మిదో తరగతి విద్యార్థి, విల్లివాక్కం

జవాబు: రాయి నాన్నా, ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయి, తప్పులు దిద్దడం నా పని కాదు. అమ్మానాన్నల ఫోన్ నుంచే, వాళ్ళకి చెప్పి పంపు. ఇంటి అడ్రసు, స్కూల్ పేరు, ఫోటో వద్దు, నీ పేరు, తరగతి చాలు, నేనూ వాళ్ళ నంబరుకే జవాబిస్తాను. బాగుంది అని మాత్రమే రాయకు. ఎక్కడ బోరు కొట్టిందో పేజీ నంబరుతో సహా రాయి, నాకు బాగా పనికొచ్చేది అదే.