ఫ్లింట్‌లాక్ పిస్టల్ లాక్: స్క్రూ గాడి చెడకుండా తీయడం

18వ శతాబ్దపు బ్రిటిష్ పిస్టల్ లాక్ (చెకుముకి రాయితో నిప్పు రగిలించే యంత్రాంగం) కదలట్లేదు, విప్పబోతే స్క్రూ గాడి పోతుందేమోనని భయం అని ఒకరు అడిగారు. దానికంటే ముందు గొట్టం ఖాళీయేనా చూడండి. సన్నని కర్రపుల్లను చివరిదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, ఆ గుర్తు మూతికి సరిపోయేలా బయట గొట్టం పక్కన ఆనించండి. పుల్ల కొన నిప్పురంధ్రం (లోపలి మందుకు నిప్పు తగిలే చిన్న బెజ్జం) దాకా రాకపోతే లోపల ఏదో ఉంది. మందూ గుండూ కావచ్చు. తుపాకుల నిపుణుడికి చూపించేదాకా ఇక ముట్టుకోవద్దు.

ఖాళీ అయితే చెకుముకి రాయి తీసేసి, సుత్తిని (రాయిని పట్టుకునే భాగం) హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి ఆగే చోట పెట్టండి. పాత స్క్రూల గాడులు సన్నగా ఉంటాయి, బజారు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉండి పైకి జారుతుంది. గాడిలో అడుగుదాకా బిగుతుగా కూర్చునేలా దాన్ని ఆకురాయితో అరగదీయండి. స్క్రూ బిగుసుకుంటే చుక్క పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకి బిగుతు వదిలించే నూనె) వేసి రోజంతా వదిలేయండి. చెక్కకు అంటితే మరక పోదు.

లాక్‌ను చెక్కకు పట్టి ఉంచే పక్క స్క్రూలు రెండూ ముందే పూర్తిగా తీయొద్దు. మూడేసి చుట్లు వదులు చేసి, తలల మీద చెక్కపిడితో మార్చి మార్చి మెల్లగా తట్టండి, లాక్ దానంతటదే బయటికొస్తుంది. అంచున స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే చెక్క పెచ్చు లేస్తుంది, అదే అందరూ చేసే తప్పు. రెండు స్క్రూల పొడవు వేరు కావచ్చు, అట్టముక్కకు గుచ్చి ముందు, వెనక అని రాసుకోండి.

మెయిన్‌స్ప్రింగ్‌ను (సుత్తిని కదిలించే బలమైన స్ప్రింగ్) స్ప్రింగ్ వైస్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా తీయకండి. గొట్టం వెనక చివరను మూసే బ్రీచ్ ప్లగ్ జోలికి అసలు వెళ్లొద్దు.