టాంజానియాలోని మ్వాంజాకు వస్తున్న చెల్లికి: అయ్యగారు పల్లెలు తిరిగేటప్పుడు ఇంట్లో నువ్వు

చెల్లీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. వీసా, ఇంటి అద్దె, కందిపప్పు దొరుకుతుందా, కుక్కర్ తెచ్చుకోవాలా, పంపే డబ్బు నెలకు చాలుతుందా, ఇలా చాలా అడిగావు. చివర్లో మాత్రం "ఆయన నెలలో పదిహేను రోజులు సువార్త పనిమీద పల్లెల్లో ఉంటారట, నేను ఇంట్లో ఉంటాను" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకు మిగతావేవీ కనపడలేదు, అదొక్కటే కనపడింది.

ముందు ఆ మిగతావి చెప్పేస్తాను. టాంజానియాలో మిషనరీలకు ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్ క్లాస్ సి. టూరిస్టు వీసా మీద వచ్చి వాక్యం చెప్పడం మొదలుపెట్టకండి, నియమాలన్నీ ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్లో ఉంటాయి, చూసుకోండి. యెల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గర పెట్టుకోండి. కందిపప్పుకు బెంగ పడొద్దు, ఇక్కడ కందులు పండించి మన ఇండియాకే ఓడల్లో పంపుతారు. తోటకూరను మ్చిచా అంటారు, బజారులో కట్టలు కట్టలుగా ఉంటుంది. బెండకాయ, వంకాయ, చింతపండు అన్నీ ఉన్నాయి. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి, రాగిసంకటి తిన్న నోటికి కొత్తేమీ కాదు. కుక్కర్ తెచ్చుకో. డబ్బు పొదుపుగా వాడితే సరిపోతుంది, మేము ఇంతకంటే తక్కువతో ఇద్దరు పిల్లల్ని పెంచాం.

ఇక అసలు విషయం.

మేము 2009 అక్టోబరులో వచ్చాం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి ఏడు నెలలు. మాది బాపట్ల దగ్గర పల్లె. మా ఇంట్లో ఎప్పుడూ పదిమందికి తక్కువ లేరు, తలుపు గడియ పెట్టడం రాత్రి పడుకునేటప్పుడు తప్ప నేను ఎరగను. మ్వాంజాలో మాకు చూపించిన ఇల్లు కొండరాళ్ళ మధ్య ఉంది, ఈ ఊరంతా అలాగే పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మీదా వాటి సందుల్లోనూ ఇళ్ళు, కింద విక్టోరియా సరస్సు. చూడ్డానికి చాలా బాగుంటుంది. వచ్చిన పదకొండో రోజున మా ఆయన ఉకెరెవె దీవికి ఫెర్రీలో వెళ్ళారు, తిరిగి వచ్చింది పంతొమ్మిది రోజుల తర్వాత. వెళ్ళేముందు ఆయన నాకు చెప్పింది ఒకటే, తలుపు తాళం వేసుకో, ఎవరికీ తియ్యకు అని. ఆయన ప్రేమతోనే చెప్పారు, నేనూ బుద్ధిగా విన్నాను. మేమిద్దరం చేసిన పెద్ద తప్పు అదే.

ఇక్కడ ఎవరూ తలుపు కొట్టరు. వాకిట్లో నిలబడి "హోది" అని పిలుస్తారు, లోపలివాళ్ళు "కరిబు" అంటే వస్తారు. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వెళ్ళిపోతారు. నాకు అదేమీ తెలియదు. రోజూ ఎవరో ఒకరు వచ్చి హోది, హోది అనేవారు. అమ్మేవాళ్ళో అడుక్కునేవాళ్ళో అనుకొని నేను మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. కొత్తగా వచ్చిన పాస్టర్ భార్యను చూద్దామని అరటిపళ్ళు, గుడ్లు పట్టుకొని వచ్చిన ఆడవాళ్ళట వాళ్ళు! నెల తిరక్కుండానే ఆ పిల్లకు పొగరు అని పేరొచ్చింది. అది నా చెవిన పడేసరికి ఏడాది పట్టింది.

ఇంకొకటి చెప్తాను. సంఘంలో స్త్రీల కూటం గురువారం "సా టిసా" అన్నారు. టిసా అంటే తొమ్మిది అని నేర్చుకున్నాను కదా, తొమ్మిదికల్లా చీర కట్టుకొని బైబిల్ పట్టుకొని వెళ్ళాను. చర్చి తాళం వేసి ఉంది. ఎండలో మెట్ల మీద పన్నెండింటిదాకా కూర్చొని ఏడుస్తూ ఇంటికొచ్చాను, కావాలనే నన్ను రానివ్వలేదని నమ్మాను. స్వాహిలీ వాళ్ళు గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు, మన ఉదయం ఏడు వాళ్ళకు ఒంటిగంట, సా టిసా అంటే మధ్యాహ్నం మూడు. వాళ్ళు మూడింటికి వచ్చి నాకోసం ఎదురుచూశారట. ఒంటరిగా ఉన్న మనిషికి ప్రతిదీ అవమానంలా కనిపిస్తుంది చెల్లీ, అందుకే ఇంత చిన్న సంగతి నీకింత వివరంగా చెప్తున్నాను.

అప్పట్లో ఫోన్ కార్డు గీకి అమ్మతో నాలుగు నిమిషాలు మాట్లాడేదాన్ని. బాగున్నానమ్మా, చేపలకూర వండానమ్మా అనేదాన్ని. నిజానికి మూడు పూటలా టీలో బ్రెడ్ ముంచుకొని తిని దోమతెర కింద పడుకునేదాన్ని. మీకిప్పుడు వాట్సాప్ ఉంది, రోజూ వీడియో కాల్ ఉంటుంది, అందుకే మాలా ఉండదని మీ తరం పిల్లలు అనుకుంటారు. అది ఇంకా ప్రమాదం అంటాను నేను. మనకూ ఇక్కడికీ రెండున్నర గంటలే తేడా కాబట్టి పొద్దస్తమానం గుంటూరులోనే బతకొచ్చు, వాకిలి దాటాల్సిన అవసరమే రాదు. మన సంఘం నుంచే వచ్చిన ఇద్దరమ్మాయిలు అలా ఫోన్ పట్టుకొని ఏడాది గడిపి తిరిగి వెళ్ళిపోవడం నేను చూశాను.

మా ఆయన ఊళ్ళనుంచి వచ్చేసరికి ముఖం వెలిగిపోతూ ఉండేది. ఏ ఊళ్ళో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారో, ఇక్కడి సుకుమా తెగవాళ్ళ పాటలు ఎలా ఉంటాయో చెప్పేవారు. ఆ సంతోషం పాడుచెయ్యడం ఇష్టంలేక నేనేమీ చెప్పేదాన్ని కాదు. ఇండియాలో మాకోసం ప్రార్థించే సంఘాలకు ఆయన రాసిన రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు పేజీలు ఊళ్ళ పేర్లు, చివర "సహోదరి క్షేమంగా ఉన్నారు" అని నా గురించి ఒక్క ముక్క.

అది రాసిన వారానికే ఆయన మళ్ళీ గెయిటా వైపు వెళ్ళారు. నాకు జ్వరం వచ్చింది. మొదటిరోజు ఎండదెబ్బ అనుకున్నాను, రెండోరోజు వణుకు, మూడోరోజు లేవలేకపోయాను. ఫోన్‌లో బ్యాలెన్సు లేదు. నీళ్ళ కుళాయి దగ్గరికి రెండు రోజులుగా నేను రాలేదని పక్కింటావిడ గమనించింది. ఇక్కడ తల్లుల్ని పెద్దబిడ్డ పేరు కలిపి మామా ఫలానా అని పిలుస్తారు, నేనైతే అప్పటికి ఆవిడ పేరు కూడా అడగలేదు. హోది అని పిలిచి పిలిచి, ఇంటి వెనక్కి వచ్చి కిటికీలోంచి చూసి, నాచేత పాక్కుంటూ వచ్చి తాళం తీయించింది. "పోలె సానా, పోలె సానా" అంటూ నా తల ఒళ్ళో పెట్టుకుంది. అయ్యో తల్లీ అని మనం అంటామే, అలా. టాక్సీ మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళి, మలేరియా పరీక్షకూ మందులకూ తన ఎం-పెసా (ఫోన్‌లో డబ్బు పంపే ఖాతా) నుంచి కట్టింది. నేను పొగరుమోతునని పేరుపడ్డ ఊళ్ళో!

కాబట్టి జ్వరం వస్తే అదేరోజు పరీక్ష చేయించుకో, రేపటిదాకా ఆగొద్దు. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. సరస్సు నీళ్ళలో దిగొద్దు, బిల్హార్జియా ఉంది, నీళ్ళలోని పురుగులు ఒంట్లోకి చేరి వచ్చే జబ్బు. ఇవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది మాత్రం, ఆరోజు నువ్వు కనపడకపోతే "ఏమైంది ఈ అమ్మాయికి" అనుకునే మనిషి ఒక్కరన్నా ఆ వీధిలో ఉండాలి. ఆయన మొదటి ప్రయాణం పెట్టుకునేలోపు ఆ మనిషిని సంపాదించుకో.

ఇది మరిదిగారికి కూడా చదివి వినిపించు. బాబూ, ఆఫ్రికా మిషనరీ లివింగ్‌స్టన్ గురించి మనకు సండేస్కూల్లో చెప్పారు, 1871లో ఇక్కడి ఉజీజీలో, ఆయన్ను వెతుక్కుంటూ వచ్చిన స్టాన్లీ ఆయన్ను కలుసుకున్న కథ అందరికీ వచ్చు. ఆయన భార్య మేరీ సంగతి నాకెవరూ చెప్పలేదు, ఇక్కడికొచ్చాక చదివాను. ఆమె పుట్టిందే ఆఫ్రికాలో. 1852లో ఆమెను నలుగురు పిల్లలతో బ్రిటన్‌కు పంపేసి ఆయన లోపలి దేశాలకు వెళ్ళిపోయారు, నాలుగున్నరేళ్ళకు గానీ తిరిగి కలవలేదు. తర్వాత ఆమె మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చి 1862లో జాంబెజీ ఒడ్డున షుపాంగాలో జ్వరంతో చనిపోయింది. లివింగ్‌స్టన్‌ను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. నీ రిపోర్టులో ఊళ్ళ లెక్క రాసేటప్పుడు ఇంట్లో మనిషి కూడా లెక్కలోకి రావాలని.

నా మలేరియా తర్వాత మా ఆయన నాలుగు నెలలు ప్రయాణాలు మానేశారు. మమ్మల్ని ఇక్కడికి పంపినవాళ్ళకు నచ్చలేదు, పని ఆగిపోయిందని రాశారు. ఆగలేదు. ఆ నాలుగు నెలల్లో ఇద్దరం రోజూ పొద్దున్నే పక్కింటి వాకిట్లో కూర్చొని స్వాహిలీ నేర్చుకున్నాం. ఇంగ్లీషుతో సరిపెట్టుకోవచ్చని మీవాళ్ళు చెప్పి ఉంటారు, నమ్మొద్దు. మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు తమిళుడు, తెలుగు నేర్చుకొని మనవాళ్ళ మధ్య బతికారు కాబట్టే ఈరోజుకీ ఆయన పేరు చెప్పుకుంటున్నాం. పెద్దవాళ్ళు కనపడితే "షికమూ" అను, వాళ్ళు "మరహబా" అంటారు. ఈ ఒక్క మాటతో నాకు ఎన్ని ఇళ్ళు తెరుచుకున్నాయో చెప్పలేను. పిల్లలెప్పుడు అని అందరూ అడుగుతారు, మన ఊళ్ళో అడగరా ఏంటి, కోపం తెచ్చుకోకు. ఆ తర్వాత పెట్టుకున్న మొదటి ప్రయాణానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. అప్పటినుంచి ఐదు రాత్రులకు మించి ఆయన ఒక్కరే ఎక్కడా ఉండలేదు. గెయిటా వైపు వెళ్ళాలంటే అప్పట్లో కిగోంగో దగ్గర ఫెర్రీ కోసం గంటలు కాచుకోవాలి, 2025లో వంతెన తెరిచారు కాబట్టి మీకు ఆ సాకు కూడా లేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

2018 సెప్టెంబరు 20న ఎంవీ న్యెరెరె అనే ఫెర్రీ ఉకారా దీవి ఒడ్డుకు చేరబోతూ బోల్తాపడింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. మా ఆయన ఆ వారం ఆ దీవుల్లోనే ఉన్నారు, ఫోన్ కలవలేదు. కబురు తెలిసిన గంటకల్లా నా ఇంట్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. ఎవరో నా పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టారు, ఎవరో ఫ్లాస్కులో టీ తెచ్చారు, పక్కింటావిడ నా చెయ్యి వదల్లేదు. తెల్లవార్లూ కీర్తనలు పాడుతూనే ఉన్నారు, వాళ్ళవి అయిపోయాక నన్ను తెలుగులో పాడమన్నారు. మర్నాడు పది దాటాక ఆయన ఫోన్ చేశారు, ఉకెరెవె దీవిలోని నాన్సియోలోనే ఉండిపోయానని, చార్జింగ్ లేదని. అది 2009లో అయ్యుంటే ఆ రాత్రి నేను తాళం వేసిన ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని.

మీకు కొండమీద ప్రహరీ, గేటు ఉన్న ఇల్లు చూశారని రాశావు. అది వద్దని చెప్పు. కుళాయి, వాకిలి నలుగురితో కలిసి ఉండే ఇల్లు మా వీధిలోనే ఒకటి ఖాళీ అవుతోంది, అద్దె కూడా తక్కువ. టికెట్ తేదీ ఖాయమయ్యాక తెలియజేయి, ఇంటావిడతో మాట్లాడి ఉంచుతాను. వచ్చేటప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి ఎక్కువ తీసుకురా, నాది అట్టలు ఊడిపోయింది.