నీట్ రెండుసార్లు పోయింది, మళ్ళీ లాంగ్ టర్మ్ తీసుకోనా, లేక పారామెడికల్‌లో చేరనా?

నేనూ రెండుసార్లు రాశా తమ్ముడూ. ఒక ఏడాది మొత్తం విజయవాడ హాస్టల్లో లాంగ్ టర్మ్, ఆ సాంబారు సంగతి ఇప్పుడు ఎత్తను. 720కి ఎన్నొచ్చాయో మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ తర్వాత బెంగళూరొచ్చి బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీలో చేరా, అంటే కిడ్నీలు పనిచేయనివాళ్ళ రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే పని, మూడేళ్ళ చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. అప్పట్నుంచి ఇక్కడే.

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, తర్వాత పీజీకి మళ్ళీ ఇంకో నీట్, ఇంకో మూడేళ్ళు, ఇవన్నీ నీకు తెలిసిన లెక్కలే. నాకు ఒళ్ళు మండేది "డాక్టర్ కాకపోతే ఇదైనా చెయ్యి" అనే మాటకి.

మా దగ్గరికి హిందూపురం వైపు పెద్దాయన ఒకాయన వచ్చేవాడు, కొడుకు ఇల్లు కేఆర్ పురంలో. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. అంతసేపు ఒక మనిషి నీ ముందు పడుకుని ఉంటే ఆయన వేరుశెనగ పంట, కోడళ్ళ గొడవలు, ఎండిన బోర్లు అన్నీ నీకు తెలిసిపోతాయి. ఒక్క సిట్టింగ్‌కి మిషన్ దాదాపు 120 లీటర్ల ఆర్వో నీళ్ళు తీసుకుంటుంది తాతా అంటే నన్ను తిట్టాడు, ఆ నీళ్ళుంటే ఒక మడి తడిసేది అని.

ఒకసారి మనవరాలి పెళ్ళికి వెళ్ళొచ్చాడు. తూకం వేస్తే నాలుగు కేజీలు ఎక్కువ, అదంతా నీళ్ళే. "ఊరగాయ తిన్నావా తాతా?" అంటే "రవ్వంతే నాయనా" అన్నాడు. ఉప్పు తింటే దప్పిక, దప్పికైతే నీళ్ళు, కిడ్నీ పంపదు కాబట్టి మిషన్ లాగాలి. మూడో గంటలో బోరు వేయించిన కథ చెబుతూ రెండొందల అడుగుల దగ్గర ఆవులించాడు, మళ్ళీ ఆవులించాడు. ఎవరైనా నిద్రొస్తోంది అనుకుంటారు, ఆ ఆవులింత ఏంటో మాకు తెలుసు. బీపీ చూస్తే పైది 80. నీళ్ళు లాగడం ఆపేసి, తలవైపు మంచం దించి, కాళ్ళు ఎత్తిపెట్టి, సెలైన్ వదిలి, చెంపలు తడుతూ పిలుస్తున్నా, డాక్టర్ గారు ఐసీయూలో ఉన్నారు, సిస్టర్ ఫోన్ చేస్తూనే ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి "యాడిదాకా చెప్తిని నాయనా?" అన్నాడు. రెండొందల అడుగుల కాడ ఆపినావు తాతా అన్నా. "ఆ... యాడ నీళ్ళు, అంతా దుమ్మే" అని మళ్ళీ మొదలెట్టాడు.

తర్వాతి సిట్టింగ్‌కి కొడుకు డబ్బా నిండా ఓళిగలు తెచ్చి నేరుగా డాక్టర్ గారి రూముకి పట్టుకెళ్ళాడు. నాకు రెండొచ్చాయి, అవీ తాత తువ్వాల్లో చుట్టి దాచిపెట్టినవి. డాక్టర్ గారి మీద నాకేం కోపం లేదు, మందులు మార్చాలన్నా, ఎంత నీళ్ళు లాగాలన్నా ఆయనే చెప్పాలి, ఆ చదువు నాకు లేదు.

నా అభిప్రాయం, డాక్టర్ కావాలనేవాళ్ళలో సగం మందికి పేషెంటు అక్కర్లేదు, పేరు ముందు 'డా.' కావాలి. ఆధారం అడక్కు, పెళ్ళిచూపుల్లో నేను తిన్న దెబ్బలే ఆధారం. మా నాన్న ఇప్పటికీ ఊళ్ళో "మావాడు కిడ్నీ డాక్టరు" అంటాడు, దాంతో సంక్రాంతికి వెళ్తే జనం మోకాళ్ళ ఎక్స్‌రేలు పట్టుకుని వస్తారు.

జీతం గురించి అబద్ధం చెప్పను. మొదటి జీతం 16 వేలు, అందులో 7 వేలు పీజీకే పోయేది, ఎండీ పీజీ కాదు, మారతహళ్ళిలో పీజీ హాస్టల్. 2021లో కేంద్రం మా కోర్సుల్ని చూసుకోడానికి కూడా ఒక జాతీయ కమిషన్ పెడుతూ చట్టం తెచ్చింది, వార్డులో మాత్రం ఇంకా "ఏయ్ టెక్నీషియన్" అనే పిలుపే.

ఏజెంట్లు ఫోన్ చేసి ముందు ఇందులో చేరు, రెండో ఏడాది ఎంబీబీఎస్‌లోకి మార్పిస్తాం అంటారు, నమ్మకు. అలాంటి దారి లేదు, మళ్ళీ నీట్ రాయాల్సిందే. పై వయసు పరిమితి 2022లో ఎత్తేశారు కాబట్టి డిగ్రీ అయ్యాక రాసుకున్నా ఎవరూ వద్దనరు, ఇప్పుడే ప్రాణం తీసుకోనక్కర్లేదు.

చేరేటట్టయితే మాత్రం కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, మిషన్లు రోజూ నడుస్తున్నాయా చూసుకో. మేం మొదటి ఏడాది మొత్తం డయాలసిస్ మిషన్‌ని పుస్తకంలో బొమ్మగానే చూశాం. సీనియర్లని క్యాంటీన్లో పట్టుకుని అడుగు. ప్రిన్సిపాల్ రూములో ఏసీ చూసి ఫీజు కట్టేయకు, మా నాన్న అదే చేశాడు.