ఆ పాత కంప్యూటర్‌ను అమ్మకండి, దానికి ఇంటి పని అప్పజెప్పండి

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాడు. మావారి డీటీపీ షాపులో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి, సర్వర్ చేస్తానంటూ రాత్రి పన్నెండు దాకా దాని ముందే కూర్చుంటున్నాడు. వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరడానికి డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ రాయాలి. కరెంటు బిల్లు భయం కూడా ఉంది. పాత సామాన్లవాళ్లకు అమ్మేద్దామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మకండమ్మా. మీ అబ్బాయి చేస్తున్నది చదువుకు అడ్డమని మీకు అనిపించడం సహజమే. నా లెక్కలో అది అతని చదువులో భాగమే. కాకపోతే దానికి ఒక ప్రయోజనం, ఒక సమయం ఉండాలి.

సర్వర్ అంటే, ఎవరు ఎప్పుడు అడిగినా ఇవ్వడానికి సిద్ధంగా ఉండే కంప్యూటర్. అడిగేవారే లేకపోతే దానితో నేర్చుకునేది కొంతే. అందుకని ఆ అడిగేవారు మీరు కావాలి. మీ ఫోనులోని ఫొటోలు, మీవారి షాపులోని శుభలేఖలు, బ్యానర్ల ఫైళ్లు అందులో దాచమనండి. రెండేళ్ల కిందట గృహప్రవేశం కార్డు వేయించుకున్నవారు వచ్చి ‘ఆ డిజైనే తీయండి’ అంటే, ఆ సాయంత్రం సర్వర్‌లో ఆ ఫైలు నిమిషంలో దొరకాలి. దొరకకపోతే జవాబు చెప్పాల్సింది మీ అబ్బాయే. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగమంటే ఇదే బాధ్యత. కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాలు పుస్తకంలో దొరుకుతాయి. తన పొరపాటు వల్ల ఇంకొకరి పని ఆగినప్పుడు కలిగే కంగారు, దానిని అణచుకుని తప్పు వెతికే ఓర్పు మాత్రం చేస్తేనే వస్తాయి.

యంత్రం పాతదని వెనకాడవద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని కంప్యూటర్లు ఎన్నో ఇలాగే మూలన పడ్డాయి. వాటిలో విండోస్ బదులు డెబియన్ లాంటి ఉచిత లినక్స్ చక్కగా నడుస్తుంది. ప్రాసెసర్ 64 బిట్‌ది అయితే చాలు. తెర మీద బొమ్మల హంగులు లేకుండా నడిపితే 2 జీబీ ర్యామ్‌తోనే ఫైళ్ల సర్వర్ పని సాగిపోతుంది. ముందు డబ్బా విప్పి, ఫ్యాను కింద రేకుల మధ్య దూదిలా పేరుకున్న దుమ్మును బ్రష్‌తో తీయమనండి. ర్యామ్ పట్టీ అంచున మెరిసే గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవాలి. తేదీ, సమయం ప్రతిసారీ తప్పు చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ మార్చాలి. ఒక్క మాట గట్టిగా చెప్పండి: కరెంటు వైరు వచ్చి చేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసినా దాని లోపల విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఇక బిల్లు. మానిటర్ లేకుండా ఇలాంటి పాత యంత్రం సుమారు 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. శ్లాబు మారితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా నడిపితే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకే. ఈసెట్ అయ్యేదాకా ఆ నాలుగు గంటలే చాలు. మీ అబ్బాయి దాని ముందు కూర్చునేది అందులో ఒక గంటే ఉండాలి. పదింటికి దానంతట అదే ఆగిపోయేలా అమర్చమనండి. అదీ ఒక పాఠమే.

ఉద్యోగాల మాట. లినక్స్ అడ్మినిస్ట్రేటర్, నెట్‌వర్క్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్ పనులకు ఇదే పునాది. లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే సర్టిఫికెట్ పరీక్షలో సరైన జవాబుకు టిక్కు పెట్టడం ఉండదు. కంప్యూటర్ ఇచ్చి పనులు చేయమంటారు. చేసిన అమరికలన్నీ యంత్రం ఆగి మళ్లీ మొదలయ్యాక కూడా నిలవాలి. మీ వీధిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో ఆ పరీక్ష జరిగినట్టే. ఎవరూ ముట్టుకోకుండా సర్వర్ తానే లేచిందా? మీ ఫొటోలు మీ ఫోనులో మళ్లీ కనిపిస్తున్నాయా? మీరు కంప్యూటర్ చదవకపోయినా ఈ రెండూ చూసి మార్కులు వేయగలరు. ఆ పరీక్ష ఫీజుకు ఇప్పుడే తొందరపడవద్దు. ఈసెట్ తర్వాత చూడవచ్చు.

రౌటర్‌లో పోర్టులు, అంటే బయటినుంచి లోపలికి వచ్చే దారులు, తెరిచి ఈ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు చూపించడం మాత్రం ఇప్పుడు వద్దు. అలా తెరిస్తే, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే 22వ పోర్టును ఎక్కడెక్కడి నుంచో ప్రోగ్రాములు రాత్రీ పగలూ తడుతూనే ఉంటాయి. ఇంటి వైఫై వరకే ఉంచమనండి.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక కార్యాలయంలో కంప్యూటర్లు చూసేవాణ్ని. బ్యాకప్, అంటే ఫైళ్లకు రెండో కాపీ తీయడం, ప్రతి రాత్రీ జరుగుతోందని మాకు నమ్మకం. హార్డ్‌డిస్క్ పోయిన రోజున తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. ఒక్కసారైనా వెనక్కి తీసి చూసుకోలేదు మేము. రెండు నెలలు కాగితాలు చూసి లెక్కలన్నీ మళ్లీ ఎక్కించాం.

మీది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మీ ప్రాంతంలో ఎంత ఎత్తున నిలిచాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ఒక కాపీ ఆ ఇంట్లో కాకుండా ఇంకోచోట ఉండాలి. గుంటూరులోనో తెనాలిలోనో బంధువులుంటే, వెళ్లినప్పుడల్లా ఒక హార్డ్‌డిస్క్ అక్కడ ఇచ్చి, అక్కడున్నది తెచ్చుకోండి. సర్వర్‌ను కూడా నేల మీద పెట్టవద్దు, అటక మీద గాలి ఆడేచోట ఉంచండి.

ఇదంతా అమరాక ఒక ఆదివారం, మీకు బాగా ఇష్టమైన ఫొటో ఒకటి బ్యాకప్‌లో ఉందని అతని చేతే చూపించుకోండి. తర్వాత దాన్ని సర్వర్‌లోంచి మీ చేత్తో తీసేసి, మళ్లీ తెచ్చి చూపించమని అడగండి. ఏ రోజు ఏమి మార్చాడో రాసుకున్న నోటుపుస్తకం అతని పక్కన ఉంటే తడబడడు. ఆ పుస్తకాన్ని పారేయనివ్వకండి, చివరి ఏడాది పారిశ్రామిక శిక్షణకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమనండి.