కోళ్ల ఎరువు తోలించే ముందు

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులు.

ప్రత్తిపాడు దగ్గర నాలుగెకరాల రేగడి కౌలుకు తీసుకున్నావని, మిరపకు యూరియా తగ్గించి కోళ్ల ఎరువు వేస్తావని మీ అమ్మ చెప్పింది. చదువుకున్నవాడివి మట్టిలోకి దిగుతున్నావు, గర్వంగా ఉందిరా. కానీ మే నెలలోనే పది ట్రక్కులు తోలించి చేలో పరిపిస్తానన్నావట. ఆ మాటకే భయమేసి రాస్తున్నా.

మట్టి పరీక్ష చేయించు. బ్రాయిలర్ షెడ్డులో ఊకతో కలిసిన ఎరువే తీసుకో. గుడ్లు పెట్టే కోళ్ల (లేయర్) ఫారంలో పంజరాల కింద తీసే తడిపెంట వద్దు.

అసలు సంగతి వేసవి తోలకం. మన వైపు ఏళ్ల తరబడి జరుగుతున్న పొరపాటు ఇదే. చేను ఖాళీ, ట్రాక్టర్లు ఖాళీ, ఎరువు చవక అని మేలోనే పోసేస్తారు. కోడిరెట్టలో నత్రజని ఎక్కువగా యూరిక్ ఆమ్లంగా ఉంటుంది. తడి తగిలితే అది కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా మారుతుంది. ముక్కుకు తగిలే ఘాటు అదే. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని కొన్ని వారాల్లో నైట్రేటు చేస్తాయి. తడిమట్టిలో అమ్మోనియా అమ్మోనియంగా ఉంటుంది. దానిది ధనావేశం, కాబట్టి బంకమట్టి పట్టుకుంటుంది. నైట్రేటుది మట్టిలాగే రుణావేశం, దానికి పట్టు దొరకదు. నీళ్లెటు పోతే అటే పోతుంది. తొలకరి జూన్‌లో, నువ్వు మిరప నాటేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆ మధ్య దాన్ని తాగే పంట వేరు చేలో ఉండదు.

రేగడి నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎక్కడికి పోతుందిలే అంటారు. ఎండిన రేగడిలో నెర్రెలు చూశావా? చెయ్యి మోచేతిదాకా దిగుతుంది. తొలి పెద్దవాన పైనున్న నైట్రేటును ఆ నెర్రెల్లోంచి తిన్నగా కిందికి దింపేస్తుంది. నెర్రెలు మూసుకున్నాక నీళ్లు నిలిస్తే, మిగిలినదాంట్లో కొంత వాయువై గాల్లో కలుస్తుంది. అక్టోబరులో ఆకు పాలిపోతుంది. అప్పుడు కోళ్ల ఎరువు పనిచెయ్యదని తిట్టుకుంటూ యూరియా బస్తాలు గుమ్మరిస్తారు. డబ్బు రెండుసార్లు పోయినట్టు!

అందుకని ఎరువును మెరక మీద కుప్ప పోయించి, చుట్టూ చిన్న కాలువ తీసి, టార్పాలిన్ కప్పు. నాటడానికి రెండు మూడు వారాల ముందు చల్లి, అదే రోజు దున్నించు. మర్నాటికి వదిలితే అమ్మోనియా గాలికి పోతుంది. ముందే చేలో పడిపోతే తొలకరికి పచ్చిజొన్న చల్లి పశువులకు కోసెయ్. పోయే నైట్రేటును కొంతైనా ఆ వేళ్లు పట్టుకుంటాయి.

లెక్క కూడా చూడు. ఇలాంటి ఎరువు టన్నులో సుమారు 25 కిలోల నత్రజని ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో 21 కిలోలు. కోళ్ల ఎరువులో దాదాపు సగమే మొదటి పంటకు అందుతుంది. ట్రక్కుకు మూడు టన్నులనుకున్నా నీ పది ట్రక్కులు ఎకరాకు ఏడున్నర టన్నులు, అంటే 180 కిలోల పైనే నత్రజని. యూరోపియన్ యూనియన్ 1991 నాటి నైట్రేట్ల చట్టం, నైట్రేటు ముప్పున్న ప్రాంతాల్లో పశువుల, కోళ్ల ఎరువు ద్వారా ఏడాదికి హెక్టారుకు 170 కిలోల నత్రజని దాటొద్దంటుంది. మన ఎకరాకు 69 కిలోలే. ఎరువు చల్లకూడని కాలాన్ని కూడా అక్కడ ముందే ఖరారు చేస్తారు. మనకు అలా చెప్పేవాళ్లు లేరు, నీకు నువ్వే కట్టడి పెట్టుకోవాలి.

నాకు నిద్ర పట్టనిది మాత్రం బాపట్ల ఎకరం గురించి. అది ఇసుక నేల, భూగర్భజలం పైపైనే ఉంటుంది, ఇంటి బావీ అందులోనే. అమెరికాలో డెల్మార్వా అనే చోట ఇసుక నేలలు, కోళ్ల షెడ్లు పక్కపక్కనే ఉంటాయి. అక్కడి బావుల్లోకి నైట్రేటు చేరింది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. దాటిన నీళ్లతో ఆర్నెల్లలోపు బిడ్డకు పాలపొడి కలిపితే నెత్తురు ఆక్సిజన్ మోయలేక పెదాలు నీలంగా మారే ప్రమాదం ఉంది. మరగబెడితే నైట్రేటు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. కోడలికి ఈ మాట విడమర్చి చెప్పు.

ఆ ఎకరంలో వేరుశనగే వేస్తావుగా, దానికి కోళ్ల ఎరువు అక్కర్లేదు. బావి దగ్గర కుప్ప అసలే వద్దు. వానలకు ముందోసారి, తర్వాతోసారి బావినీళ్లు పరీక్ష చేయించు. ఫలితం వచ్చేదాకా చంటిదానికి ఆర్వో నీళ్లే వాడండి.

ట్రక్కులకు అడ్వాన్సు ఇచ్చేశావా? ఇచ్చినా ఫర్వాలేదు. ప్రత్తిపాడుకు ఎకరాకు రెండు టన్నుల చొప్పున మూడు ట్రక్కులు చాలని, అవి కూడా జులైలో తెమ్మని ఇవాళే ఫోన్ చెయ్.