కొలనోస్కోపీ ‘నార్మల్’ అన్నారు, పేగు మొత్తం చూశారా?

ప్రశ్న: నా వయసు 54. ఖమ్మంలో ఉంటాను. షుగర్ ఉంది. నాలుగు నెలలుగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8.6 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మలపరీక్షలో రక్తం ఆనవాళ్లు కనిపించడంతో కొలనోస్కోపీ చేసి, నార్మల్ అన్నారు. కానీ రిపోర్టులో ‘హెపాటిక్ ఫ్లెక్సర్ వరకే చూశాం, ప్రిపరేషన్ బాగాలేదు’ అని రాసి ఉంది. మళ్లీ ఆ పౌడర్ నీళ్లు తాగాలంటేనే టెన్షన్‌గా ఉంది. తప్పదా డాక్టర్ గారూ?

– ఒక పాఠకుడు

జవాబు: తప్పదండీ. రిపోర్టు చివరిదాకా చదివి మంచి పని చేశారు. కెమెరా గొట్టం మలద్వారం నుంచి ఎడమవైపు పైకెక్కి, పొట్టకు అడ్డంగా సాగి, కాలేయం కింద మలుపు తిరిగి కుడివైపు దిగాలి. ఆ మలుపే హెపాటిక్ ఫ్లెక్సర్. మీకు అక్కడే ఆగిపోయింది. కుడివైపు పేగును ఎవరూ చూడలేదన్నమాట.

మీ విషయంలో నాకు దిగులంతా ఆ భాగం గురించే. అక్కడ పేగు వెడల్పు, మలం ఇంకా పలచగానే ఉంటుంది. గడ్డ పెరిగినా నొప్పి, మలబద్ధకం తొందరగా రావు. కొద్దికొద్దిగా రక్తం పోయి చాలాసార్లు రక్తహీనతగానే బయటపడుతుంది. మీకు గడ్డ ఉందని అనడం లేదు. లేదని చెప్పడానికి మాత్రం ఈ పరీక్ష చాలదు. నెలల తరబడి వాయిదా వేయకండి.

ప్రిపరేషన్ అంటే పరీక్షకు ముందు పేగును శుభ్రం చేసుకోవడం. ఈసారి అదే ముఖ్యం. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేసి గోడలకు అంటుకునేలా చేస్తాయి. డాక్టర్‌ను అడిగి వారం ముందే ఆపండి. మూడు రోజుల ముందు నుంచి గోంగూర, తోటకూర, జామ, గింజలున్న కూరలు వద్దు. మందు మొత్తం ముందురోజు సాయంత్రమే తాగేయకుండా, సగం ఆ రాత్రి, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగండి. చల్లగా ఉంటే, స్ట్రాతో తాగితే వికారం తగ్గుతుంది. చివరికి లేత పసుపు నీళ్లలా విరేచనం అయితే పేగు శుభ్రమైనట్టే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆ రెండు రోజులూ ఎలా మార్చుకోవాలో ముందే అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ చెప్పండి.

కొత్త రిపోర్టులో ‘సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే చోటు) వరకు వెళ్లాం’ అని ఉండాలి. అపెండిక్స్ రంధ్రం, చిన్నపేగు కలిసే కవాటం ఫొటోలు ఉంటే అది రుజువు. పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పే బోస్టన్ స్కోరు మొత్తం 6కు తగ్గకుండా, పేగు మూడు భాగాల్లో ప్రతిదానికీ కనీసం 2 రావాలి. గొట్టం వెనక్కి తీస్తూ గోడలు చూడటానికి, ఏమీ కనిపించకపోయినా, కనీసం 6 నిమిషాలు పట్టాలి. అడగడానికి మొహమాటపడకండి. ఇంత చేసినా చిన్న పాలిప్స్ (పేగు గోడపై పెరిగే బుడిపెలు) కొన్ని కంటపడకపోవచ్చు. ఒకే రోజు వెంటవెంటనే రెండుసార్లు చూసిన అధ్యయనాల్లో, మొత్తం పాలిప్స్‌లో దాదాపు ఐదింట ఒకటి మొదటిసారి తప్పిపోయింది.

మళ్లీ కూడా గొట్టం చివరిదాకా వెళ్లకపోతే సీటీ కొలనోగ్రఫీ (పెద్దపేగును స్కాన్‌లో చూసే పరీక్ష) ఉంది. నోటి నుంచి ఎండోస్కోపీ చేయించారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే అదే రోజు చేయించండి, రక్తం కడుపులోంచీ పోవచ్చు. ఈలోగా మలం తారులా నల్లగా, దుర్వాసనతో వచ్చినా, కళ్లు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.